తొమ్మిదో నెంబరు మొలతాడు

9 అక్టోబర్ 2012, మంగళవారం. సాయంత్రం 5:30

ఉదయం 6:42కు కొత్వాల్‌గూడ దాటాక ఒక జొన్నచేలో చార్టర్ విమానం కూలింది. పద్నాలుగు మంది. ఎవరూ బతకలేదు. ఇద్దరు పైలట్లు, మిగిలిన పన్నెండు మంది కొత్తూరులోని ఒక యంత్రాల కంపెనీ ఉద్యోగులు. మగవాళ్ళు పదకొండు మంది, ఆడవాళ్ళు ముగ్గురు. కారణం తెలియదు. తెలిసేదాకా రాయను.

నేను చేరేసరికి 7:35. పోలీసుల్లో చాలామంది నగరంలో జరుగుతున్న అంతర్జాతీయ సదస్సు బందోబస్తులో ఉన్నారు. ఎయిర్‌పోర్టు నుంచి ఎవరు దొరికితే వాళ్ళను పంపారు. మంటలు ఆర్పింది ఫైర్ సిబ్బంది. శవాలను మోసింది మాత్రం ఆరుగురు బ్యాగేజీ లోడర్లు, ఒక అంబులెన్స్ డ్రైవర్. వాళ్ళలో ఎవరికీ ఈ పనిలో ట్రైనింగ్ లేదు. ఎనిమిదింటికి మొదలుపెట్టి 11:20కి ముగించారు. ఒక్కరూ మధ్యలో కూర్చోలేదు.

మూడింటికి పేపర్‌కు కాపీ ఇచ్చాను. ‘హృదయవిదారకం’ అనే మాట డెస్క్ కలిపింది. నేను రాయలేదు.

10 అక్టోబర్

మోసినవాళ్ళలో ఇద్దరిని కార్గో గేటు దగ్గర టీ బండి వద్ద పట్టుకున్నాను. కుర్మయ్య, నలభై నాలుగేళ్ళు, కొత్వాల్‌గూడ. బేగంపేటలో ఎనిమిదేళ్ళు, ఇక్కడ 2008లో ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి లోడర్. రెండోవాడు సఖావత్, శంషాబాద్, అంబులెన్స్ డ్రైవర్. నాలుగేళ్ళుగా ఒకే టీని ఇద్దరూ సగం సగం తాగుతున్నారు.

కాంట్రాక్టర్ వాళ్ళకు ఒక రోజు సెలవు, తలా రెండు సబ్బులు ఇచ్చాడట. రెండెందుకక్కా, ఒకటి మాకు, ఒకటి మా పెండ్లాలకా అని సఖావత్ నవ్వాడు. కుర్మయ్య నవ్వలేదు. సఖావత్ అతని వీపు మీద చరిచి, ఈయన ఇప్పుడు బరువులే మాట్లాడతడు, రాత్రి పోచమ్మ వదినె బువ్వ పెడితే గిన్నె లేపి గిది కిలోన్నర అన్నడంట అని చెప్పాడు. పోచమ్మ కుర్మయ్య భార్య. ఊకో రా అన్నాడు కుర్మయ్య.

తర్వాత నావైపు చూడకుండా చెప్పాడు. సంచి లేపంగనే చేతికి బరువు తెలుస్తది అక్కా. పన్నెండేండ్ల అలవాటాయె. ఆడ గూడ తెలిసింది. వద్దన్నా తెలిసింది.

12 అక్టోబర్

కాంట్రాక్టర్ ఒక కౌన్సెలర్‌ను పిలిపించాడు. నలభై నిమిషాలు. ఏడుగురికి ఒక్కో ఫారం, పది ప్రశ్నలు, ఇంగ్లిష్‌లో. కుర్మయ్య పదింటికీ ‘నో’ మీద టిక్ పెట్టాడు. ఏడో ప్రశ్న: నిద్ర బాగా పడుతోందా? దానికీ ‘నో’. ఫారం తీసుకున్నవాళ్ళు ఎవరూ గమనించలేదు. పైన ‘ఫిట్’ అని ముద్ర వేశారు.

13 అక్టోబర్

సఖావత్ ఈ రోజు అంబులెన్స్ నాలుగుసార్లు కడిగాడు. మంగళవారం తర్వాత అందులో ఎవరినీ ఎక్కించలేదు.

14 అక్టోబర్, ఆదివారం

కొత్వాల్‌గూడలో కుర్మయ్య ఇంటికి వెళ్ళాను. అతను డ్యూటీలో ఉన్నాడు. పోచమ్మ చాయ్ ఇచ్చి, కూర్చోకముందే మొదలుపెట్టింది. పరాయి పీనుగను మోస్తే తానం జేసి ఇంట్లకొస్తరు, గంతే గదా అక్కా. ఈయన మంగళారం నాడు బావికాడ ఎన్ని తానాలు జేసిండో లెక్కలేదు. అయినా గడప దాటుతలేడు. అరుగు మీదనే బువ్వ, అరుగు మీదనే పండుడు. ఏమయ్యా నన్నిడిసినవా అంటే ఉలకడు. తలకాడ ఒక కవరు పెట్టుకొని పంటుండు, కొత్త పెండ్లాం లెక్క. ముట్టబోతే కయ్యిమన్నడు.

ఇంట్లోకి రాకపోవడానికి కారణం చెప్పలేదా అని అడిగాను. ఇంక పని కాలే అన్నడంట. ఏం పనో చెప్పలేదట.

15 అక్టోబర్

పన్నెండు శవాలు ఇళ్ళకు చేరాయి. రెండు మిగిలాయి. చేలోనే శవాలకు వేసిన నెంబర్లలో తొమ్మిదో నెంబరు, పన్నెండో నెంబరు. ఇద్దరూ మగవాళ్ళే, ఎత్తు ఇంచుమించు ఒకటే. పేర్లు కూడా రెండే మిగిలాయి. వీరేందర్, కొత్తూరు. అరవింద్, నాగ్‌పూర్.

వీరేందర్‌కు తల్లిదండ్రులు లేరు, తోబుట్టువులు లేరు, పిల్లలు లేరు. భార్య సరిత ఉంది. అతని దువ్వెన, బ్రష్ డీఎన్‌ఏ పరీక్షకు ల్యాబ్‌కు పంపారు. ఆరు వారాలు అంటున్నారు. అరవింద్ తల్లి నాగ్‌పూర్‌లో మంచం మీద ఉంది, శాంపిల్ ఇంకా రాలేదు. వచ్చింది ఆయన బావమరిది. చొక్కా ముక్క చూసి తొమ్మిదో నెంబరు తమవాడే అంటున్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆరు రోజులుగా మార్చురీ బయట బెంచీ మీద ఉన్నాడు. అన్ని రోజులు కూర్చుంటే ఎవరికైనా తమవాడిలాగే కనిపిస్తుంది.

సరిత చెప్పింది ఒకటే. మా ఆయనకు నల్ల మొలతాడు ఉంటది, దానికి బీరువ లోపలి అర తాళంచెవి కట్టుకుంటడు. తానం జేసినా ఇప్పడు. గది చూడుండ్రి సార్, ఇంకేమొద్దు.

శవాలను అప్పగిస్తున్న పోలీసు అధికారి మార్చురీ రిజిస్టర్ చూశాడు. తొమ్మిదికి మొలతాడు లేదు. పన్నెండుకూ లేదు. సరే, గురువారం పదకొండింటికి తొమ్మిదో నెంబరును నాగ్‌పూర్ వాళ్ళకు ఇచ్చేద్దాం అన్నాడు. వాళ్ళు ఇక్కడే దహనం చేసి బూడిద తీసుకెళ్తారట.

16 అక్టోబర్

రిజిస్టర్ నకలు సంపాదించాను. పదకొండు మంది మగవాళ్ళు. ఒక్కరికి కూడా మొలతాడు నమోదు కాలేదు.

పదకొండు మందిలో ఒక్కరికీ లేకపోవడం జరగదు. సాయంత్రం వరకు ఫోన్లు చేశాను. నాలుగు కుటుంబాలు తమవాళ్ళకు మొలతాడు ఉండేదని చెప్పాయి. సరితతో ఐదు. కాలిపోయాయి అనుకుందామంటే, ఆ నలుగురిలో ఇద్దరికి నడుము దగ్గర కాలిన గాయాలే లేవని అదే రిజిస్టర్‌లో ఉంది.

ఎవరో తీశారు. మార్చురీలో రిజిస్టర్ రాయకముందే, అంటే చేలోనే తీశారు.

కుర్మయ్య తలకింద కవరు. రేపు పొద్దున వెళ్తాను.

17 అక్టోబర్, బుధవారం. సాయంత్రం 6:15

వరుసలో రాస్తాను.

7:10. కుర్మయ్య అరుగు. నా దగ్గర ఉన్న లెక్క చెప్పాను. పదకొండు మంది, ఐదు మొలతాళ్ళు, సున్నా నమోదు. సరిత ఎవరో, ఆమె ఏం వెతుకుతోందో, రేపు పదకొండింటికి ఏం జరగబోతోందో చెప్పాను.  అతను తలకాడి కవరు తీసి విప్పాడు.

ఐదు మొలతాళ్ళు. ఒక్కోదానికి ఒక బ్యాగేజీ ట్యాగ్ ముక్క కట్టి ఉంది. ట్యాగ్ వెనక బాల్‌పెన్‌తో నెంబరు. 3, 5, 8, 9, 14. తొమ్మిది నల్లది. దానికి చిన్న తాళంచెవి.

ఎందుకు తెంపావని అడగలేదు. అతనే చెప్పాడు. ఆఖరుకు మనిషి నడుముకు తాడు ఉంచరు గదక్కా, సొంతోళ్ళు తెంపుతరు. ఆడ సొంతోళ్ళు ఎవలున్నరు? మేమే ఉంటిమి. పెట్టెల ఏసినంక ఇంకెవలన్న యాదికి చేస్తరా చెయ్యరా అనిపించింది. తెంపిన. తెంపినంక పారెయ్య చేతగాలే. ఎవలది వాళ్ళకియ్యాలె గదా. ట్యాగు లేకుండ ఏ సామానన్న కిందికి పోనిస్తమా?

మరి ఎవరికీ ఎందుకు ఇవ్వలేదు?

ఒకదానికి వెండి బిళ్ళున్నది అక్కా. దొంగ అంటరు. పన్నెండేండ్లల్ల ఒక్క సంచి జిప్పు తియ్యలే నేను. ఇప్పుడు పీనుగుల మీద చెయ్యేసిండు అంటరు.

అలా అనే అవకాశం ఉంది. లేదని చెప్పలేదు. నేను చెప్పినవి మూడు. రేపు దహనం అయితే ఆ తప్పు దిద్దడానికి ఏమీ మిగలదు. ఆ ట్యాగులు చూసినవాడెవడూ ఇది దొంగతనం అనలేడు, దొంగ నెంబర్లు రాసుకోడు. ముందు నువ్వు చెబితే స్టేట్‌మెంట్, ముందు నేను రాస్తే ఆరోపణ. ఈ రోజు పది గంటల వరకు ఆగుతాను.

పోచమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఇగ లేవయ్యా, గా పిల్ల తొమ్మిది దినాల సంది కూసున్నది, అరుగు మీద నువ్వు కూసుంటె దొరకుతదా ఆమె మొగడు అన్నది.

8:20. కుర్మయ్య సఖావత్‌కు ఫోన్ చేశాడు. అతను అంబులెన్స్‌తోనే వచ్చాడు, అది నిబంధనలకు విరుద్ధం. తాళ్ళు కోసిన కత్తెర అంబులెన్స్‌దట. కుర్మయ్య నీకెందుకు భాయ్, నా పేరే చెప్త అన్నాడు. సఖావత్ కోపంగా, కత్తెర నాది, చెయ్యి నీది. మా ముస్లింలల్ల పీనుగుకు కాలి బొటనేళ్ళు కలిపి కడ్తరు, నేను అందరికి కట్టిన, నువ్వు చూస్తనే ఉంటివి. నన్నిడిసి ఒక్కనివే పెద్దమనిషివైతవా, నడువ్ అన్నాడు.

9:40. అధికారి గది. మొదటి ఐదు నిమిషాలు ఆయనే మాట్లాడాడు, సాక్ష్యాల తారుమారు, సెక్షన్లు. తర్వాత ట్యాగులు చూశాడు. కుర్మయ్యకు కుర్చీ తెప్పించాడు.

12:20. కొత్తూరు, సరిత అద్దె ఇల్లు. పంచనామా, ఇద్దరు సాక్షులు. బీరువా లోపలి అరకు తాళంచెవి పెట్టారు. తిరిగింది. లోపల ఏముందో నేను చూడలేదు, అవసరం లేదు.

సరిత ఏడవలేదు. కుర్మయ్యను చూసి, నా తొమ్మిది దినాలు తిన్నవు గదనే అన్నా అన్నది. నీకేమక్కెర, నువ్వేమన్న మా సుట్టానివా, ఎవలు తెంపమన్నరు నిన్ను? అతను తల ఎత్తలేదు. తప్పే అమ్మా అన్నాడు. ఆమె చాలాసేపు తిట్టింది. మధ్యలో సఖావత్ ఏదో అనబోతే కుర్మయ్య చెయ్యి పట్టి ఆపాడు.

తిట్లు అయిపోయాక అడిగింది. నువ్వే గద లేపింది. మొకం ఎట్లుండె?

మంచిగనే ఉండె అమ్మా, పండుకున్నట్టు ఉండె అన్నాడు.

రిజిస్టర్‌లో వేరే రాసి ఉంది. నా సంచిలోనే నకలు ఉంది. నేను సరిచేయలేదు.

4:00. కాపీ ఇచ్చాను. ‘ఇద్దరు కార్మికులు’ అని రాశాను. డెస్క్ పేర్లు అడిగింది. ఇవ్వలేదు. విమానాల దగ్గరికి వెళ్ళడానికి కుర్మయ్యకు ఉన్న ఎయిర్‌సైడ్ పాస్‌ను కాంట్రాక్టర్ పదిహేను రోజులు ఆపాడు. సఖావత్‌కు మెమో. కేసు లేదు.

18 అక్టోబర్, గురువారం

పదకొండింటి అప్పగింత రద్దయింది, తొమ్మిదో నెంబరును రేపు సరితకు ఇస్తారు. నాగ్‌పూర్ ఆయనకు సంగతి నేనే చెప్పాను. విని, పన్నెండో నెంబరు చూపించమని అడిగాడు. అరవింద్ తల్లి శాంపిల్ సోమవారం వస్తుంది.

మధ్యాహ్నం సరిత ఫోన్ చేసింది. వాళ్ళ వైపు పాడె మోయడానికి మగవాళ్ళు ఇద్దరే ఉన్నారట, తమ్ముడు, మేనమామ. మిగతా ఇద్దరుగా వస్తారేమో వాళ్ళిద్దరినీ అడగమంది. అడిగాను. కుర్మయ్య టైమెంత అన్నాడు. సఖావత్ సెలవు పెట్టాడు.

రేపు 7:30 మార్చురీ. 9:15 కొత్తూరు. 11:00 శ్మశానం.