సంచిలో వెయ్యని పాస్‌పోర్టు

సబ్హాన్, కువైట్

అక్కకు, బావకు రమేశ్ దండాలు. ఇంట్లో అందరూ బాగున్నారా? లత వేళకు తింటోందా, కాళ్ల వాపు తగ్గిందా, మా పెద్దోడు వాళ్లమ్మను సతాయించడం లేదు కదా? నా సంగతంటావా, ఒంట్లో ఏ నొప్పీ లేదు. ఎండ మండిపోతోంది, అయినా తింటున్నాను, తిరుగుతున్నాను, రంది పెట్టుకోకండి. ఒళ్లంతా కోపం, అదొక్కటే జబ్బు.

ఇదంతా ఫోన్లో చెప్పలేను. నువ్వు స్పీకర్ పెడతావు, పక్కనే లత ఉంటుంది. ఇక్కడేమో పక్క మంచాల వాళ్లు వింటుంటారు. అందుకే సెలవుకు వస్తున్న శ్రీను చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మొన్న ఫోన్లో "ఆ పాస్‌పోర్టు ఇచ్చెయ్యరాదురా, లొల్లెందుకు" అన్నావు కదా. ఆ మాటకే ఈ జవాబు. చదివాక కూడా అలాగే అనిపిస్తే అప్పుడు తిట్టు.

మా గోడౌన్ కంపెనీ క్యాంపుకు ఆ మధ్య పక్క దేశం ఆఫీసర్లు వచ్చారు. పెద్ద పెద్ద దేశాలన్నీ కలిసి సాయం కింద డబ్బులిస్తాయట. దాంతో ఈ చుట్టుపక్కల దేశాలు తమ చట్టాలు బాగుచేసుకోవాలట, ఒక దేశం సరుకూ కూలీలూ ఇంకో దేశానికి అడ్డం లేకుండా పోవాలట, అందరూ ఒక్క ఇంటివాళ్లలా ఉండాలట. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. కానీ కూలీలను ఎలా చూసుకోవాలో నేర్పడానికి వాళ్లను తీసుకొచ్చి చూపించింది ఎవరిననుకున్నావు? మమ్మల్ని.

ముందు రోజు గోడలకు రంగు వేశారు. మంచానికొక కొత్త దిండు ఇచ్చి, "కవరు చింపకుండ్రి, మల్ల దుకాణంల ఇయ్యాలె" అన్నాడు ఫోర్‌మన్ గంగాధర్. నిజామాబాద్ వాడు, మనోడే. మనోడని సంబరపడ్డందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. వాళ్లొచ్చే రోజు పొద్దున్నే ఆఫీసు నుంచి ఒక బియ్యం సంచి తెచ్చి, అందులోంచి మా పాస్‌పోర్టులన్నీ తీసి పంచాడు. విమానం దిగిన రోజే తీసుకున్నవి అవి. నాది పోయిన సెలవు నుంచి తిరిగొచ్చిన పూటే లాక్కున్నారు. పనివాడి పాస్‌పోర్టు పనివాడి దగ్గరే ఉండాలని ఇక్కడి చట్టమే చెబుతుంది. ఆ ఒక్క పూటకు అది అమలైంది.

చేతిలో పడగానే, అట్ట మీద నువ్వు పెట్టిన బొట్టు మరక ఇంకా ఉందేమోనని చూశాను. గుర్తుందా, అది పోస్టులో వచ్చిన రోజు, కొత్త మిక్సీకి పెట్టినట్టే దానికీ కుంకుమ పెట్టావు. మరక వెలిసిపోయింది. నా మొహం చూసి పక్క మంచం నర్సయ్య కొండగట్టు కుంకుమ పొట్లం విప్పి, నీళ్లతో తడిపి, అందరి పాస్‌పోర్టులకూ బొట్లు పెట్టాడు. ఇంటికి కొత్త బండి వచ్చినట్టు గదంతా సంబరం. ఆ తడి బొట్టు ఎవరైనా చూస్తారని ఒక్కరికీ తట్టలేదు.

ఆఫీసర్లలో నీ ఈడుదే ఒకామె ఉంది. వరసలో నిలబడ్డ నా దగ్గర పాస్‌పోర్టు అడిగి తీసుకుంది. వేలికి ఎర్రగా అంటింది. ఏమిటిదని అడిగింది. కంపెనీ మనిషి ముందుకొచ్చి, వీళ్లు రోజూ పొద్దున పాస్‌పోర్టుకు పూజ చేసుకుంటారని అరబ్బీలో చెప్పి నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ మాత్రం అరబ్బీ నాకూ అర్థమవుతుంది అక్కా. ఒళ్లు మండిపోయింది. "లా మేడమ్" అన్నాను, కాదని. ఇవి ఈ రోజే మా చేతికొచ్చాయని, వచ్చిన సంతోషానికి బొట్టు పెట్టుకున్నామని, వచ్చిన ముక్కల్లోనే చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఆమె వరసలో ఉన్న మిగతా మావాళ్ల వైపు చూస్తే అందరూ తల దించుకున్నారు. గంగాధర్ పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపాడు. ఆమె అతనికి ఇవ్వలేదు. నా చేతిలోనే పెట్టి, నీ దగ్గరే ఉంచుకో అంది. తర్వాత బిర్యానీ తిని అందరూ వెళ్లిపోయారు.

వాళ్ల బస్సు గేటు దాటిందో లేదో దిండ్లు పోయాయి. వెనకే బియ్యం సంచి వచ్చింది.

"వెయ్యి రమేశ్" అన్నాడు గంగాధర్.

"వెయ్య."

"గామె చెప్పిందని ఉబ్బుతున్నవా? గామె పాయె. రేపు నిన్ను డ్యూటీ బస్సెక్కిచ్చేది నేను."

"అన్నా, లతకు కాన్పు దినాలు దగ్గరవడ్డయి, లీవియ్యమని నీ కాళ్లు మొక్కిన. పాస్‌పోర్టు మేనేజర్ తాన ఉన్నది, ఆయన ఊర్ల లేడన్నవ్. ఆ మేనేజర్ ఇయ్యాల నీ పక్కపొంటి కూసోని బిర్యానీ తినె. ఇగ మొక్కుడు లేదు."

ఆ మర్నాటి నుంచి నన్ను బస్సెక్కించడం లేదు. దేశం దాటాలంటే పాస్‌పోర్టు ఒక్కటే చాలదు, కంపెనీ పర్మిషన్ కూడా కావాలి. సంచిలో వేస్తే పర్మిషన్ ఇస్తామంటున్నారు. నువ్వన్నదీ అదే. లత పక్కన ఉండాలని నాకు మాత్రం లేదా? పెద్దోడు పుట్టినప్పుడూ లేను. మొదటిసారి ఎత్తుకుంటే ఎవరో వచ్చారని వాడు గుక్కపట్టి ఏడ్చాడు. కానీ వేశాక ఇస్తారని నమ్మకమేంటి? ఇన్నాళ్లూ వాళ్ల దగ్గరే ఉంది కదా, పంపారా? అందుకే దాన్ని జేబులో పెట్టుకుని పోయి లేబర్ ఆఫీసులో కంప్లైంట్ ఇచ్చాను. అక్కడ తేలేదాకా రాలేను. కాన్పుకు అందుకుంటానో లేదో తెలియదు. ఈ మాట లతకు నువ్వే మెల్లగా చెప్పు. ఏడిస్తే ఏడవనీ. ఇచ్చెయ్యమని మాత్రం ఇద్దరూ అనకండి.

తిండికి ఇబ్బంది లేదు, నర్సయ్య తన డబ్బాలో సగం పెడుతున్నాడు. ఆ రోజు మారు మాట్లాడకుండా సంచిలో వేసినవాడే. నిన్న పొద్దున బస్సెక్కబోతూ ఆగి, "నాది నాకియ్యి" అని గంగాధర్ ముందు చెయ్యి చాపాడు. అతన్నీ బస్సెక్కనివ్వలేదు. ఇప్పుడు పగలంతా గదిలో ఇద్దరం ఉంటున్నాం.

బావకు, అత్తమ్మకు నా నమస్కారాలు, పెద్దోడికి ముద్దులు. పుట్టబోయే బిడ్డను దీవించేటప్పుడు నన్నూ తలుచుకో.

నీ తమ్ముడు
రమేశ్

ఇంకో మాట. శ్రీను తిరిగొచ్చేటప్పుడు కుంకుమ పంపు, కాస్త ఎక్కువే పంపు. నర్సయ్య పొట్లం అయిపోయింది. మా గదివాళ్ల పాస్‌పోర్టులు ఇంకా చాలా ఆ సంచిలోనే ఉన్నాయి.