రెండు గళ్లలోనూ ఒకే అంకె

శ్రీను వాళ్ల నాయినా, ఎట్లున్నావు?

నువ్వు కన్నుమూసి ఆరు నెలలు దాటింది. బతుకమ్మకు ముందు పోయావు, ఇప్పుడు ఒంటిపూట బడులు కూడా వచ్చేశాయి. నేను బాగానే ఉన్నాను... నా అనుమానం ఇంకా బాగుంది.

నువ్వు కాళ్లు దించి కూర్చొని నేసిన మగ్గం గుంట అట్లాగే ఉంది. నువ్వు సగంలో వదిలిన దుప్పటిని రోజుకు జానెడు నేస్తున్నాను. కానీ మన శ్రీను కన్ను ఆ గది మీద పడింది. గుంట వల్ల గోడలు చెమ్మ పడుతున్నాయని, పూడ్చేసి బండలు వేయిద్దామని ఒక్కసారి అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తలేదంటే మానుకున్నట్టా? మనసులో పెట్టుకున్నట్టా?

సరిగ్గా అప్పుడే వాడి బిడ్డ అక్షిత బడి నుంచి ఒక అట్ట తెచ్చి మగ్గం గదిలో వేలాడదీసింది. దాని మీద రెండు థర్మామీటర్లు. ఒకదాని కొనకు గుడ్డ చుట్టి, గుడ్డ చివర నీళ్ల గిన్నెలో పెట్టింది. ఏడో తరగతి పిల్లకు ఇదేం పని? అడిగితే, సైన్సు టీచరమ్మ తలా ఒక మాట పంచిందంది. ఒకరికి భూతాపం, ఒకరికి శీతోష్ణస్థితి, ఒకరికి వడగాలి. దీనికి ఆర్ద్రత వచ్చిందట, అంటే గాలిలో తేమ. వారం రోజులు ఇంట్లో కొలిచి పట్టిక రాసుకుపోవాలట.

ఇల్లంతా వదిలి ఈ గదిలోనే ఎందుకు కొలవాలి? వాళ్ల నాన్నే పెట్టించాడనుకున్నాను. చెమ్మ కాగితం మీదికెక్కితే గుంట పూడ్చడానికి సాక్ష్యం దొరికినట్టే కదా...

"సరోజనా, నీకు నీ నీడ మీద సుత అనుమానమేనే" అనేవాడివి. అన్నావులే.

పదకొండు గంటలకు తను బడిలో ఉంటుంది కాబట్టి ఆ పూట అంకెలు నన్ను రాయమంది. పొడి గడిలో ఒకటి, తడి గడిలో ఒకటి. చూస్తే గుడ్డ చుట్టినది బాగా తక్కువ చూపిస్తోంది. ఆ తేడాయే చెమ్మ కాబోలు, తేడా లేకుంటే గది పొడిగా ఉన్నట్టే కాబోలు అనుకున్నాను. వారమంతా రెండు గళ్లలోనూ ఒకే అంకె రాశాను.

నిన్న పిల్ల బడి నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. సాయంత్రం దాని స్నేహితురాలు వచ్చి జరిగింది చెప్పింది.

నేను రాసింది తలకిందులట. గాలి ఎండితే గుడ్డ తడి తొందరగా ఆరి ఆ థర్మామీటరు చల్లబడుతుందట. రెండూ సమానమైతే గాలి ఇక పట్టలేనంత తేమతో ఉన్నట్టట. ఇంత ఎండల్లో!

నాకు తెలియదా? ఆ వారమంతా పోగులు పుటుక్కున తెగుతూనే ఉన్నాయి. "పోగు తెగుతాందంటే గాలి ఎండినట్టే, జర గుంటల నీళ్లు చల్లు" అని ఎన్నిసార్లు కేకేశావు... రోజూ చల్లాను. చల్లి, ఆ చేత్తోనే అబద్ధం రాశాను.

ఇంట్లో కూర్చొని అంకెలు అల్లుకొచ్చావని టీచరమ్మ అందరి ముందూ అందట. సైన్సు ఫేర్ జాబితాలో పిల్ల పేరు కొట్టేసిందట. అక్షిత ఏడవలేదట. అవి నాయినమ్మ రాసిన అంకెలని, నాయినమ్మ అబద్ధం రాయదని టీచరమ్మతో వాదించిందట.

ఈ మాట విన్నప్పటి నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు. సిగ్గేస్తోంది.

శ్రీనును అడిగాను. ఆ అట్ట సంగతే తెలియదన్నాడు. ముఖం చూస్తే నిజంలాగే ఉంది... గుంట సంగతి మాత్రం ఇంకా నమ్మను.

పిల్ల నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకడగదు? తెలిసిపోయిందా? తెలిసీ ఊరుకుందా?

రేపు దానితోపాటు బడికి పోతాను. పిల్లలందరి ముందూ నిలబడి, ఆ అంకెలు నేను కావాలనే రాశానని చెబుతాను. అక్షిత అక్కడే కూర్చొని వింటుంది. విన్నాక నన్ను నమ్ముతుందో లేదో... అయినా చెబుతాను.

నీ సరోజన