తలుపు పక్కన వేసిన కుర్చీ

అక్కకు, బావగారికి,

పద్మ నమస్కారాలు. గుంటూరులో మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నీ వేళ్లకు జీడిపిక్కల రసం తగిలి లేచిన పొక్కులు మానాయా? పనిలో కూర్చునే ముందు నూనె రాసుకోవడం మరవకు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాసిందా అనుకుంటావు. మీ ఇంట్లో ఫోన్ మోగితే చాలు, అమ్మ మంచం మీది నుంచే "స్పీకర్లో పెట్టవే" అంటుంది. ఇది అమ్మ వినకూడదు. మీ మరిదితో కోల్డ్ స్టోరేజీలో పనిచేసే ఆయన చీరాల వైపు వస్తుంటే చేతికిచ్చి పంపుతున్నాను. ఒక్కదానివే కూర్చుని చదువుకో.

అమ్మకు గది సిద్ధమైంది. పది రోజులు పట్టింది. నువ్వు చూసిందేగా, మేడ మీద అంతా కలిపి ఒకటే గది, పన్నెండడుగులకు పదడుగులు, మూలన బాత్రూం. మగ్గం అమ్ముకుని వచ్చిన కొత్తలో ఇందులో ఇద్దరం ఎలా మసలాలా అని ఏడ్చాను. ఇప్పుడు ముగ్గురికి సరిపెట్టాలి. ముందు టేపు పెట్టి అంతా కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాను గది తలుపు వెనక్కి జరిపాం. పోపు ఘాటుకి అమ్మకు దగ్గు తెరలు రాకుండా గ్యాస్ పొయ్యి వరండాలోకి మార్చాను. అసలు ఘాటు పోపుది కాదులే. ఎండలు ముదిరాయి, యార్డుకి మిరపకాయల లారీలు వరసకట్టాయి. గాలి ఇటు తిరిగితే వీధి వీధంతా తుమ్ముతుంది. కిటికీకి రెండు పొరల గుడ్డ కట్టాను, తడుపుతూ ఉంటే కొంత నయం. తగ్గు మంచం మీంచి అమ్మ లేవలేకపోతుందని మీ మరిది మార్టూరు నుంచి గ్రానైటు ముక్కలు తెప్పించి నాలుగు కోళ్ల కింద పెట్టారు. బాత్రూం గడప దగ్గర కాలు తట్టుకోకుండా మేస్త్రి వాలుగా సిమెంటు చేశాడు. మీ మరిది డాబా మీద పడుకుంటారు, నేను అమ్మ మంచం పక్కనే కింద.

ఇక మిగిలింది బాత్రూం గోడకు ఒక స్టీలు కమ్మీ. అద్దెంట్లో మేకు కొట్టాలన్నా అడిగే కొడతాను, నా సంగతి నీకు తెలుసు. అడుగుదామని కిందికి దిగాను. నేను చేసిన తప్పు అదే.

ఇంటావిడ చేటలో పప్పు ఏరుతోంది. "కమ్మీ ఎందుకమ్మా పద్మా? మీ ఆయనకేమన్నా నడుం పట్టేసిందా?" అని నవ్వింది.

"మా అమ్మ వస్తుందండి పిన్నిగారూ. పట్టుకుని లేవడానికి."

"చూసిపోవడానికా, ఉండటానికా?"

నాకు అబద్ధం చప్పున నోటికి రాదు. వారం వారం వేటపాలెం నుంచి ఆసుపత్రికి రైల్లో తిప్పలేకపోతున్నామనీ, నొప్పి తగ్గించడం తప్ప ఇక చేసేదేమీ లేదని డాక్టరు అన్నాడనీ చెప్పేశాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"మా అత్తగారు పోయినప్పుడు నక్షత్రం మంచిది కాదన్నారు. కింది వాటాకి ఆర్నెల్లు తాళమేశాం. మేముండేది గనక ఎట్టాగో సర్దుకున్నాం. అద్దెకిచ్చిన గదిలో అట్టాంటిది జరిగితే మళ్లీ ఎవరు చేరతారు? నువ్వే చెప్పు."

"అలా జరగదులెండి."

"జరగదని నువ్వెట్టా రాసిస్తావు? నన్ను కసాయిదాన్ననుకోకు తల్లీ. ఉండనీ. జావ కాస్తే ఓ గ్లాసు నేనే పైకి పంపుతా. కానీ డాక్టరు ఇక దగ్గరపడిందన్న రోజే కిందికి దించి మీ ఊరు తీసుకెళ్లిపోవాలి. ప్రాణం ఉండగానే. మాటియ్యి."

రెండు రోజులాగమని చుట్టుపక్కల వేరే గదులు చూశాను. వెళ్లిన రెండు చోట్లా "జబ్బు మనిషి ఎవరన్నా ఉన్నారా?" అన్నదే మొదటి మాట. మూడో రోజు వచ్చి ఆవిడకు మాటిచ్చాను. "మేకుకి కూడా అర్జీ పెట్టుకునే మనిషివి. నాతో చెబితే చప్పుడు కాకుండా నేనే బిగించేవాణ్ణిగా" అని మీ మరిది విసుక్కున్నారు. తర్వాత అన్నం తినకుండా లేచిపోయారు. కమ్మీ మాత్రం ఇంటావిడే దగ్గరుండి పెట్టించింది. రెండు చేతులా పట్టుకుని లాగి కూడా చూసింది.

ఆ మర్నాడే కదా అమ్మ ఫోన్లో అడిగింది, "పద్మా, ఈసారొస్తే మళ్లీ నన్నెక్కడికీ తిప్పొద్దే. నావల్ల కాదు. నీ దగ్గరే ఉండిపోతా" అని. "ఎక్కడికీ తిప్పనమ్మా" అన్నాను. నువ్వూ విన్నావు. వారం తిరక్కుండా ఇద్దరికి రెండు మాటలిచ్చాను అక్కా. ఏది తప్పుతానో నాకు తెలుసు.

అందుకే మళ్లీ టేపు తీసి మెట్లు కొలిచాను. ఎక్కేటప్పుడు చెరో రెక్కా పట్టుకుని ఎక్కిస్తాం. దిగే రోజుకి అమ్మ అలా నిలబడే స్థితిలో ఉండదు. మంచంతో దించుదామంటే మెట్ల మలుపు దగ్గర తిరగదు. చేతులున్న కుర్చీ అయితే తిరుగుతుంది. ఒకటి కొని మీ మరిదిని కూర్చోబెట్టి, నేనూ మేస్త్రీ మోసి చూశాం. తిరిగింది. "మెల్లిగా దించవే, నేనింకా బతికే ఉన్నా" అని నవ్వబోయి ఆయనే ఆగిపోయారు.

నువ్వు చేయాల్సింది ఇంతే. మీ ఇంటి ముందు గదిలో బియ్యం బస్తాలు తీసేసి ఖాళీగా ఉంచు. అమ్మ అడిగితే సున్నం వేయిస్తున్నామను. నేను ఫోన్ చేసి "వస్తున్నాం" అంటే ఎందుకని అడగకు. ఇంటావిడ మాట అమ్మ దగ్గర ఎత్తవద్దు. పద్మే తీసుకెళ్లమంటోందని చెప్పు. పడితే నేనే మాట పడతాను.

ఆదివారం పొద్దున పాసింజరుకి తీసుకురా. ఆయన స్టేషనుకి వస్తారు. అమ్మవి మెత్తబడిన పాత నేత చీరలు నాలుగు, జావలోకి కాస్త జీడిపప్పు బద్దలు తే. చిన్నమ్మాయికి పరీక్షలు బాగా రాయమని నా మాటగా చెప్పు. బావగారికి నా దణ్ణాలు. మమ్మల్ని దీవించు. చదవగానే ఈ కాగితం పొయ్యిలో పెట్టెయ్.

కుర్చీ తలుపు పక్కనే వేశాను. అమ్మకిష్టమని నీలం రంగుదే తెచ్చాను. రాగానే చూసి "నాకేనా?" అంటుంది. నీకేనమ్మా అంటాను.

నీ చెల్లెలు,
పద్మ