కత్తికి అందని మడచెట్లు

శుక్రవారం రాత్రి, నాగాయలంక

ఈ రోజు గెలిచాను! అమెరికా సుంకం పెంచాక మా రొయ్యలకు యూరప్ ఒక్కటే దిక్కయింది. మడ అడవి నరికితే భూమి ఇంకా వేడెక్కుతుందని, నరికినచోట పెంచిన రొయ్య వాళ్లు కొనరట. వాళ్ల తరఫున చెరువు చూడ్డానికి విశాఖ నుంచి ఒకాయన వస్తున్నాడనగానే, మా బావగారు నిన్న కత్తి పట్టుకుని గట్టు మీదికి బయల్దేరారు.

"చుట్టాలొస్తుంటే వాకిలి ఊడవమా అమ్మా? ఈ మడపొదలు కొట్టేస్తే శుభ్రంగా ఉంటుంది."

"ఒక్క కొమ్మ తెగినా ఊరుకోనండీ," అని అడ్డం నిలబడ్డాను. కత్తి నా కాళ్ల దగ్గర పడేసి విసురుగా వెళ్లిపోయారు.

ఈ రోజు వచ్చినాయన, తన కోసం బావగారు వేయించిన షామియానా వంక చూడనైనా లేదు. తిన్నగా మడచెట్ల దగ్గరికెళ్లి ఫోటోలు తీసుకుని, "ఇవి ఉన్నాయి కాబట్టే మీ సరుకు తీసుకుంటామండీ," అన్నాడు. అప్పుడు బావగారి మొహం చూడాలి!

సాయంత్రం ఆయనే అడిగారు, "అవతలి గట్టున కూడా వేద్దామా అమ్మా?" అని.

ఆ మధ్య వచ్చిన తుఫానులో గట్టును కాపాడింది ఈ చెట్లే. అప్పుడెవరూ ఫోటో తీయలేదు. రేపు యూరప్ మనసు మార్చుకుంటే...

సరే, కత్తి నా మంచం కిందే ఉంది.