ట్యాంకు మూత దగ్గర

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మధ్యాహ్నం, మనం వలసొచ్చిన ఈ పాండేసరలో, మన బట్టల రంగుల మిల్లు ఎదుటి చాయ్ హోటల్లో టీవీ చూశాను. చంద్రుడి దారిలో నౌక చెడిపోయి, ఊపిరాడక చావబోయిన ముగ్గురి పాత కథ. లోపలున్న గొట్టాలూ సంచులతోనే గాలిని ఎలా శుభ్రం చేసుకోవాలో, కింద భూమ్మీద కూర్చున్నవాళ్లు ముందు తాము చేసి చూసి, తర్వాతే వాళ్లకు చెప్పారట. ముగ్గురూ బతికొచ్చారు.

నిన్ను మురికినీళ్ల ట్యాంకులోకి దింపి విషగాలికి వదిలేసిన సూపర్‌వైజరు నా పక్కనే ఉన్నాడు. మన జిల్లావాడే. "చూసినవా, దిమాగుంటే ఏడనన్న బతుకొచ్చు," అన్నాడు. నీకది లేకే చచ్చిపోయినట్టు! చేతిలో చాయ్ వాడి మొహాన కొట్టాలనిపించింది.

సాయంత్రం వాడే నన్ను పిలిచి, అదే ట్యాంకు మూత తీయించి, చేతిలో రుమాలు పెట్టాడు.

"జర ముక్కుకు కట్టుకొని దిగు. ఏం గాదు."

నీకు చెప్పిందీ ఈ మాటే. రుమాలు వాడి చేతిలోనే తిరిగి పెట్టాను.

"ముందుగాల నువ్వు దిగి చూపియ్యి."

"ఏందిరా, నౌకరీ వద్దా?" అని అరిచాడు. నేను మూత దగ్గర్నుంచి కదల్లేదు.

ఇవాళ ఆ ట్యాంకులోకి ఎవరూ దిగలేదు, అన్నా.