సీసా ఆగింది, బొండం ఆగలేదు

ఐనవిల్లి, 3-5-1998

అమలాపురంలో మందుల షాపు పెట్టి అయినవాళ్లని మరిచిన మాణిక్యాలరావు బావగారికి,

బుచ్చిరాజు మండిపడుతూ రాయునది. నా పొటాషియం సీసా కోసం మీ చెల్లెలు వీరాయమ్మని బస్సెక్కించి పంపితే, మందివ్వకుండా ఖాళీ సీసాతో తిప్పి పంపేరు! డాక్టరుగారు రాసిన మందు ఆపడానికి మీరెవరండీ? అసలే నా కాళ్లు దూదిపింజల్లా ఉన్నాయి.

ఇట్లు, నీరసంతో
బుచ్చిరాజు

తా.క.: సీసా మూత ఏదండీ? అదీ కొట్టేసేరా?

అమలాపురం, 6-5-1998

పేరు పెద్దది, బుర్ర చిన్నది అయిన బుచ్చిరాజు బావగారికి,

అప్పట్లో మీరు నీరు తీసే బిళ్ల వేసుకునేవారు. దాంతో పొటాషియం పోతుందని పాత డాక్టరుగారు సీసా రాసేరు. మొన్న కొత్త డాక్టరుగారు మార్చిన బీపీ బిళ్ల పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతుంది. పైన సీసా కూడా పోస్తే గుండె లయ తప్పుతుంది! సీసా తాగుతున్నట్టు ఆయనకి చెప్పేరా? లేదు! వెళ్లి చెప్పి, రక్తపరీక్ష చేయించుకోండి. బిళ్ల మాత్రం మీ అంతట మీరు మానకండి.

ఇట్లు, మాణిక్యాలరావు

తా.క.: మూత కావాలనే ఉంచేను. అది లేకపోతే మందు కొలవలేరని.

ఐనవిల్లి, 9-5-1998

మూతల బావగారికి,

సీసా మానేసేను, సంతోషమేనా? నీరసానికి రోజూ ఆరు బొండాలు కొట్టించుకుని తాగుతున్నాను. మా చెట్టు నీళ్లకి కూడా డాక్టరు చీటీ కావాలా అండీ? మీ తల వేడి తగ్గాలని ఒక గెల పంపుతున్నాను.

ఇట్లు, బుచ్చిరాజు

తా.క.: వీటిని మీ షాపులో దాచలేరు. చీమలు పట్టుకుపోతాయి.

అమలాపురం, 12-5-1998

బావగారూ!

ఏటా చెట్టు మొదట్లో పొటాష్ వేస్తారు కదా, అదెక్కడికి పోయిందనుకున్నారు? సీసాలో ఉన్నదే బొండంలోనూ ఉందండీ! రోజుకి ఆరా? నా చెల్లెల్ని ఏం చేద్దామని? ఉత్తరం కింద పడేసి బస్సెక్కండి.

ఇట్లు, అరిచి అరిచి గొంతు పోయిన
మాణిక్యాలరావు

తా.క.: గెల అందింది. తియ్యగా ఉన్నాయి. పూటకి రెండు లాగిస్తున్నాను.

ఐనవిల్లి, 16-5-1998

ఊరందరికీ మందులిచ్చే బావగారికి,

నిన్న అమలాపురం వచ్చి రక్తం ఇచ్చేను. పొటాషియం ఎక్కువే ఉందిట. డాక్టరుగారు తిట్టి, సీసా, బొండాలు రెండూ మాన్పించేరు. వారానికి మళ్లీ పరీక్ష.

అది సరే. నా ముందు చీటీ ఎవరిదండీ? మొహానికి తువ్వాలు కప్పుకుని బెంచీ మీద మూలిగిన మనిషెవరు? మీ ఆవిడ సత్యవేణిగారు పక్కనే కూర్చుని తిడుతున్నారు కదా, గుర్తుపట్టలేననుకున్నారా? నాకు కొత్తగా రాసిన బిళ్లే మీరు మూడేళ్లుగా వేసుకుంటున్నారుట! నాకు అన్ని పాఠాలు చెప్పి, పూటకి రెండు లాగించేరా? నాకంటే మీకే ఎక్కువుందిట! సిగ్గు లేదూ! గుండె పరీక్ష బాగుంది కాబట్టి ఇద్దరం బతికేం గానీ, లేకపోతే వీరాయమ్మకి భర్త, అన్న ఒకేసారి పోదురు.

ఇట్లు, మీ తోటి రోగి
బుచ్చిరాజు

తా.క.: మిగిలిన బొండాలు డాక్టరుగారికి పంపండి, ఆయనకి బీపీ లేదుట. కొట్టేక మూతలు మాత్రం మీరే ఉంచుకోండి.