కుడి అంచున అప్లై బటన్

3 జూన్ 2013
ఇవాళ ఒక వెబ్‌సైట్‌ను కాగితాల మీద ప్రింటు తీసి, ఫైలుకు ట్యాగు కట్టి, సంతకానికి పంపాం. నాచారంలోని మా వెబ్ డిజైన్ ఆఫీసులో నాగరికత ఇంతదాకా వచ్చింది.

క్లయింట్ ఏఎస్ రావు నగర్‌లో ఒక నర్సింగ్ స్కూల్. సెక్రటరీ గంగాధరరావు గారు రిటైరైన గెజిటెడ్ ఆఫీసరు. తెర మీద చూసినదాన్ని నమ్మరు. పేజీ పేజీకీ ఆకుపచ్చ సిరాతో అప్రూవ్డ్ అని రాస్తేనే అది వెబ్‌సైటు.

5 జూన్
ఫోన్‌లో పేజీ సగమే కనిపిస్తోందని, తెర వెడల్పును బట్టి సర్దుకునేలా చేస్తానని, నాలుగు రోజులు చాలని మా బాస్ అచ్యుతరావు గారికి విన్నవించుకున్నాను. సంతకమైన కాగితంలో అప్లై బటన్ ఎక్కడుంది అన్నారు. కుడి అంచున అన్నాను. మరి అక్కడే ఉండనివ్వవయ్యా, నీకెందుకు కడుపునొప్పి అన్నారు. పైగా అడుగున వచ్చే స్క్రోల్ బార్ ప్రింటులో లేదట. అసహ్యంగా ఉందట. తీసేయమన్నారు.

సాయంత్రం 6 గంటలకు
తీసేశాను. ఇక ఆ పేజీని పక్కకు జరపడం ఎవరి తరమూ కాదు. మా ఆఫీసు ఊడ్చి, టీ పెట్టే రాహేలక్క కింద ఊడుస్తుంటే కాళ్లు పైకెత్తుకుని మరీ తీసేశాను.

6 జూన్
ఉప్పల్ నుంచి నాచారం దాకా బస్సులో ఫోన్‌లోకి తలదూర్చినవాళ్లు పదకొండు మంది. ఎ4 కాగితంలోకి తలదూర్చినవాళ్లు సున్నా. ఈ గణాంకాలను బాస్‌కు సమర్పించలేదు.

15 జూన్
అప్లికేషన్లు ముప్పై ఒకటే వచ్చాయని సెక్రటరీ గారి ఫోను. నిరుడు వంద దాటాయట. ఆడపిల్లల్లో సేవాభావం తగ్గిందని ఆయన నిర్ధారణ.

21 జూన్
రాహేలక్క టీ ఇస్తూ మామూలుగా చెప్పింది. వాళ్ల దోర్కా ఇంటర్ బైపీసీ పాసైంది, నర్సింగ్‌కు పెడదామనుకుంది. నిన్న ఆఖరి తారీఖు. నాలుగు దినాలు ఫోన్ల సూసింది సారూ, అప్లికేషన్ పెట్టెటిదే లేదు, సీట్లు అయిపోయినయేమో అని ఊకున్నది అంది. ఏ స్కూలని అడిగాను. చెప్పింది.

కప్పు కింద పెట్టాను.

బాస్‌కు చెబితే, సైటు సంతకం ప్రకారమే ఉంది, మనకేం బాధ్యత లేదు అన్నారు. ఆ మనలో నన్నెందుకు కలుపుకున్నారో. ఆయన్ని తిట్టుకున్నాను. ఆకుపచ్చ సిరా కనిపెట్టినవాణ్ణి తిట్టుకున్నాను. స్క్రోల్ బార్ తీసిన చెయ్యి మాత్రం నాదే. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. దానికి సిగ్గు లేదు.

22 జూన్
ఆఫీసులో చెప్పకుండా నర్సింగ్ స్కూలుకు వెళ్లాం. రాహేలక్క, దోర్కా, దోర్కా ఫోను, నేను, ఫైలు.

గంగాధరరావు గారు సంతకమైన పేజీ తెరిచి, ఇదిగో బటన్, ఇంత లావున ఉంది, ఆఖరి తేదీ అంటే ఆఖరి తేదీ అన్నారు. దోర్కా ఫోన్‌ను ఆ కాగితం ఎడమ అంచున ఆనించి, దాని వెడల్పుకు కాగితాన్ని నిలువునా చించాను. సంతకం రెండు ముక్కలైంది. ఆయన లేచి నిలబడ్డారు. ఎడమ ముక్క ఆయన ముందు పెట్టి, కుడి ముక్క జేబులో వేసుకుని, ఇప్పుడు అప్లై చెయ్యండి సార్ అన్నాను.

ముక్కను తిరగేసి కూడా చూశారు. బటన్ ఏదయ్యా అన్నారు. నా జేబులో సార్, ఈ అమ్మాయికి నాలుగు రోజులూ అది అక్కడే ఉంది అన్నాను.

దోర్కా ఫోను తీసుకుని తెరను బొటనవేలితో పక్కకు లాగారు. మళ్లీ లాగారు. కదల్లేదు. ముప్పై ఒకటి, అని తనలో తనే అనుకున్నారు. తర్వాత అందరికీ మంగళవారం దాకా గడువు ఇచ్చారు. ఒక షరతు. ఫోన్‌లో వచ్చేదానికీ ఆయన సంతకం ఉండాలి.

బయటికి రాగానే రాహేలక్క అందుకుంది. గంత పెద్దమనిషి ముంగట కాయితం సింపుతవా, నౌకరీ ఉంటదో పోతదో జర ఫికరన్న లేదా అని.

24 జూన్
పేజీ ఇప్పుడు ఫోన్‌లో ఒకే నిలువు వరసగా సర్దుకుంటోంది. బటన్ అన్నిటికంటే పైన. బాస్ ఉద్యోగం పీకేస్తానని మూడుసార్లు అన్నారు. నాలుగోసారి, ఇదే పని ఇంకో క్లయింటుకూ చెయ్యమన్నారు.

25 జూన్, మంగళవారం, మధ్యాహ్నం 12
దోర్కా అప్లికేషన్ వెళ్లింది. ఫోన్‌లో వచ్చే పేజీని సెక్రటరీ గారు ఆమోదించారు కూడా. ప్రింటు లేదు కనుక, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో దోర్కా ఫోన్ అద్దం మీదే సంతకం పెట్టారు. రాహేలక్క ఎవర్నీ తుడవనివ్వడం లేదు.